షికాగో (1927 మూకీ చిత్రం)

షికాగో అమెరికన్ మూకీ చిత్రం, న్యాయస్థానం చుట్టూ అల్లిన వ్యంగ్య కథ. షికాగో ట్రిబ్యూన్ విలేకరి మోరీన్ వాట్కిన్స్ 1924లో బ్యూలా ఆనన్ హత్య కేసు వార్తలు రాసింది. ఆ అనుభవంతో 1926లో ఆమె రచించిన నాటకమే సినిమాకు మూలం. దర్శకుడిగా ఫ్రాంక్ అర్సన్ పేరున్నా, చాలా భాగం తీసింది నిర్మాత సెసిల్ బి. డెమిల్ అని చరిత్రకారులు భావిస్తారు. అదే ఏడాది ఆయన క్రీస్తు జీవితగాథ ‘ది కింగ్ ఆఫ్ కింగ్స్’ విడుదల చేశాడు; దాని పక్కన ఇలాంటి సినిమాకు తన పేరు వద్దనుకున్నాడని అంటారు.

డెమిల్ సొంత సేకరణలో మిగిలిన ప్రతిని కాలిఫోర్నియాలోని యూసీఎల్‌ఏ చలనచిత్ర భాండాగారం పునరుద్ధరించింది. 2010లో ఫ్లికర్ ఆలీ సంస్థ, మాంట్ ఆల్టో వాద్యబృందం సంగీతంతో దాన్ని డీవీడీగా తెచ్చింది. ఈ పునరుద్ధరణ పాత బొమ్మను శుభ్రం చేయడంతో ఆగిన పని కాదు, కథ అసలు పదును తిరిగి చేతికి రావడం. ఇదే కథతో వచ్చిన 1942 నాటి చిత్రం ‘రాక్సీ హార్ట్’లో, సెన్సారు నియమావళి నీడన, నాయిక రాక్సీ హంతకురాలు కాకుండా పోయింది. ఈ మూకీలో ఫిలిస్ హేవర్ పోషించిన రాక్సీ నేరస్థురాలే. వకీలు ఫ్లిన్ ఆమెకు బోనులో ఎలా కనిపించాలో నేర్పిస్తాడు; జ్యూరీ సభ్యుల చూపులు సాక్ష్యం మీద కాక ఆమె కాళ్ల మీద నిలుస్తాయి. మాటల్లేని తెరపై ఆ ముఖాలే వాదన, వాటిని చదవాలంటే బొమ్మ స్పష్టంగా ఉండి తీరాలి.

చివర్లో భర్త ఆమెను ఇంటినుంచి గెంటేయడం వ్యంగ్యాన్ని నీతికథగా పలచన చేసిందనే ఆక్షేపణ ఉంది. కొంత నిజమే. అయితే ఆ శిక్ష కోర్టు వేసింది కాదు. ఆమె నిర్దోషి అన్న తీర్పు తప్పుగానే మిగిలింది. పైగా ఆ భర్త కూడా ఫ్లిన్ సొమ్మునే దొంగిలించి ఫ్లిన్‌కు ఫీజు కట్టినవాడు.