చెవి కింద వాపు, దూరపు ఊళ్లు

మైదానంలో గవదబిళ్లలంటే పిల్లల జబ్బు. చెవి కింద లాలాజల గ్రంథి వాస్తుంది, నమలడం కష్టమవుతుంది, వారం పది రోజుల్లో తగ్గుతుంది. మెడలో బంగారు గొలుసు వేస్తే పోతుందని కొందరి నమ్మకం. బంగారం లేని మా ఇళ్లలో పసుపు రాసేవారు. రెంటికీ ఫలితం ఒకటే, జబ్బు తన గడువు తీరాకే పోయేది.

అయితే పాత గ్రంథాల్లో ఇది పెద్దవాళ్లలోనూ కనిపిస్తుంది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకుల థాసోస్ దీవిలో, వ్యాయామశాలలకు పోయే యువకులకు చెవుల దగ్గర వాపులొచ్చాయనీ, కొందరికి వృషణాలూ వాచాయనీ హిప్పోక్రటిస్ పేరిట ఉన్న గ్రంథం చెబుతుంది. కారణం వైరస్ అని 1934లో అమెరికాలో జాన్సన్, గుడ్‌పాశ్చర్ తేల్చారు.

మాలాంటి వాళ్ల కథ ఒకటుంది. బేరింగ్ సముద్రంలోని సెయింట్ లారెన్స్ దీవి అమెరికాదే గాని, సైబీరియా తీరానికే దగ్గర. అక్కడ గాంబెల్, సవూంగా అనే ఊళ్లలో యూపిక్ జనం సీల్, వాల్రస్‌లను వేటాడి బతికేవారు. 1950లలో అక్కడ గవదబిళ్లలు వ్యాపించాయి. పిల్లలతోపాటు పెద్దలూ మంచాన పడ్డారు. పదిహేనేళ్లు దాటిన ఆడ రోగుల్లో 31 శాతం మందికి రొమ్ములు వాచాయని 1959లో అచ్చయిన పరిశోధన చెబుతుంది. అందులో ఆ జనానికి పెట్టిన పేరు 'కన్నె జనాభా'. ఆ మాట నాకు నచ్చదు. వాళ్ల ఒంట్లో లోపమేమీ లేదు. చిన్నప్పుడు ఆ వైరస్ తగల్లేదు, అంతే.

మా కొండ మీద ఊళ్లు కూడా విడివిడిగానే ఉంటాయి. ఆశ్రమ పాఠశాలకు వెళ్లాకే పిల్లలందరం ఒక గదిలో పడుకుంటాం. నా ఆరో తరగతిలో దవడలు వాచిన వాళ్లందరినీ ఇళ్లకు పంపేశారు. నేను ఇంటికి మోసుకెళ్లిన జబ్బు మా బాబాయికి అంటుకుంది. పెళ్లైన కొత్తలో ఉన్న మనిషికి అది దవడ దగ్గర ఆగలేదు. వృషణాలు వాచినా సంతానం పూర్తిగా పోవడం అరుదంటారు వైద్యులు. బాబాయికి ఏ పరీక్షా జరగలేదు. పిల్లలు పుట్టలేదని ఊరు మాటలన్నది మాత్రం పిన్నిని.

టీకా అమెరికాలో 1967లోనే వచ్చింది, మారిస్ హిల్లెమన్ సొంత కూతురి గొంతులోంచి తీసిన వైరస్‌తో. మన ప్రభుత్వం ఉచితంగా వేసే ఎంఆర్ టీకా తట్టుకూ రుబెల్లాకూ మాత్రమే. గవదబిళ్లలు కూడా కలిసిన ఎంఎంఆర్ కావాలంటే పట్నంలో ప్రైవేటు ఆసుపత్రికి పోయి డబ్బు కట్టాలి. వాగు దాటి మా ఊరికి నడిచొచ్చే నర్సమ్మ పెట్టెలో అది ఉండదు.