ఆ ఒక్కరూ తిరిగి రాలేదు

1942 డిసెంబరు 8. ఉత్తర చైనాలోని హెబెయ్ కొండల్లో గెగోంగ్ అనే పల్లె. ఎముకలు కొరికే చలి. ముప్ఫై రెండేళ్ల భారతీయ సర్జన్ ఒకరు పొద్దుపోయాక కూడా రాస్తూ కూర్చున్నారు. తన విద్యార్థుల కోసం శస్త్రచికిత్స మీద రాస్తున్న పాఠ్యపుస్తకం అది. మొదటి పుస్తకం అప్పటికే పూర్తయింది, రెండోది నడుస్తోంది. ఇంట్లో భార్య, మూడున్నర నెలల కొడుకు.

ఆ రాత్రి మూర్ఛ వచ్చింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. చుట్టూ ఉన్నది ఆయన దగ్గర పనిచేసేవాళ్లూ, ఆయన దగ్గర చదువుకున్నవాళ్లూ. తెలిసిన వైద్యమంతా చేశారు. 9వ తేదీ తెల్లవారుజామున డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ కన్నుమూశారు.

ఆయన పుట్టింది 1910 అక్టోబరు 10న, షోలాపూర్‌లో. ఆ పేరు వినగానే మనకు దుప్పటి గుర్తొస్తుంది. తెలంగాణ పల్లెల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వెళ్లిన పద్మశాలీలు స్థిరపడ్డ ఊరది. ఇప్పటికీ అక్కడి వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. 1930లో స్వాతంత్ర్యోద్యమం ఉధృతంగా సాగి, తెల్లదొరలు సైనిక శాసనం పెట్టింది ఆ ఊళ్లోనే, మరుసటి ఏడాది జనవరిలో ఉరితీసిన నలుగురూ ఆ ఊరివాళ్లే. అప్పటికి ద్వారకానాథ్‌కు ఇరవై ఏళ్లు. ఎనిమిదిమంది పిల్లలున్న మధ్యతరగతి ఇల్లు వాళ్లది. అలాంటి ఇంట్లో కొడుకు డాక్టరయ్యాడంటే, వెనక ఉన్న చెల్లెళ్ల పెళ్లిళ్లకూ తమ్ముడి చదువుకూ అతనే ఆసరా అని వేరే చెప్పాలా?

బొంబాయిలోని సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీలో వైద్యం పూర్తిచేసి, పైచదువుకు సిద్ధపడుతున్నారు. సరిగ్గా అప్పుడే చైనా పిలుపు వచ్చింది. జపాన్ దాడితో నెత్తురోడుతున్న ఆ దేశం నుంచి సేనాని జూ డె, నెహ్రూకు ఉత్తరం రాశారు. వైద్యసాయం కావాలన్నారు. కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్న సుభాస్ చంద్రబోస్ దేశమంతా విరాళాలు కూడగట్టారు. ఐదుగురు వైద్యులు ఎంపికయ్యారు: స్పెయిన్ యుద్ధభూమిని చూసొచ్చిన అటల్, నాగపూర్ నుంచి చోల్కర్, కలకత్తా నుంచి బసు, ముఖర్జీ, వాళ్లతో పాటు కోట్నిస్. బొంబాయిలో సరోజినీ నాయుడు వాళ్లకు వీడ్కోలు పలికారు. 1938 సెప్టెంబరు 1న ఓడ కదిలింది. ఏడాదిలో తిరిగి వచ్చేయాలన్నది ఆలోచన.

1939 ఫిబ్రవరికి చైనా కమ్యూనిస్టుల స్థావరమైన యెనాన్ చేరారు. కోట్నిస్ చైనాలో ఉండగానే తండ్రి పోయిన కబురు అందింది. వెళ్లిరమ్మని తోటివాళ్లు అన్నా ఆయన కదల్లేదు. కొడుకుగా ఆ నిర్ణయం ఎంత బరువైందో తండ్రి చితికి నిప్పు పెట్టలేకపోయిన ఎవరినడిగినా చెబుతారు. ఆయనకు అనుబంధాలు లేక కాదు. ఎదురుగా గాయాలతో పడివున్నవాళ్లను వదిలిపోవడం ఆయనకు చేతకాలేదు. ఆ జీవితమంతటిలో నన్ను కట్టిపడేసేది ఈ చేతకాకపోవడమే.

జట్టులో ముగ్గురు ఒక్కొక్కరుగా స్వదేశం దారి పట్టారు. బసు యెనాన్‌లో పనిచేసి 1943లో వచ్చారు. కోట్నిస్ మాత్రం జపాన్ సేనలకు ఎదురుగా, జిన్-చా-జీ సరిహద్దు ప్రాంతంలో ఉండిపోయారు. కెనడా సర్జన్ నార్మన్ బెథూన్ పనిచేసిన చోటది. ఆపరేషన్ చేస్తుండగా వేలికి తెగిన చిన్న గాయం విషమించి 1939 నవంబరులో ఆయన ప్రాణం తీసింది. కోట్నిస్ ఆ సంగతి తెలిసే ఆ కత్తి పట్టారు.

1940లో జూ డె సారథ్యంలోని ఎనిమిదో రూట్ సైన్యం జపాన్ మీద పెద్దఎత్తున దాడికి దిగింది. గాయపడ్డవాళ్లు కొండదారుల్లో డోలీల మీద వచ్చి పడుతూనే ఉన్నారు. పదమూడు రోజుల పోరులో కోట్నిస్ ఎనిమిది వందలమందికి పైగా క్షతగాత్రులకు వైద్యం చేశారనీ, అందులో ఒకసారి మూడు రాత్రులూ మూడు పగళ్లూ రెప్పవేయకుండా ఆపరేషన్లు చేశారనీ చెబుతారు. మందులు చాలవు, పరికరాలు చాలవు. శత్రువు దగ్గరపడితే ఆసుపత్రి మొత్తం మూటగట్టుకుని మరో ఊరికి. 1941 జనవరిలో బెథూన్ అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి ఆయన్నే డైరెక్టర్‌ను చేశారు.

నేను ఆయన గొప్పతనం వెతుక్కునేది మాత్రం మరోచోట. ఆయన చైనా భాష నేర్చుకున్నారు. పలకరింపు వరకు కాదు, తరగతిలో నిలబడి పాఠం చెప్పేంత. నొప్పి ఎక్కడుందో రోగి తన మాటల్లో చెప్పుకుంటుంటే మధ్యలో మరో మనిషి లేకుండా వినగలిగిన డాక్టరు. పల్లెజనం ఆయన్ని ‘నల్లమ్మ’ అని పిలుచుకున్నారట. ఒక మగ డాక్టర్ని అమ్మా అని పిలవాలంటే ఆ చేతుల్లో వాళ్లకు ఏం దొరికి ఉంటుందో ఊహించండి.

నర్సింగ్ చెప్పే గువో చింగ్లాన్ ఆయన్ని మొదటిసారి చూసింది బెథూన్ సమాధి దగ్గర, దాని ప్రారంభ సభలో. 1941 చివర్లో పెళ్లి చేసుకున్నారు. 1942 ఆగస్టు 23న బాబు పుట్టాడు. భారత్, చైనాలు రెండూ కలిసేలా ఇన్‌హువా అని పేరు పెట్టారు. మూర్ఛలు అప్పటికే మొదలయ్యాయి. చికిత్సకు వెళ్లమని పైవాళ్లు చెప్పి చూశారు. యుద్ధం నడుస్తుంటే వెళ్లనన్నారు.

ఆయన పోయాక, సైన్యం ఒక సాయపు చేతిని, జాతి ఒక మిత్రుణ్ణి కోల్పోయాయని మావో సంతాపం రాశారు. తరవాత కాలంలో కోట్నిస్ సమాధిని షిజియాజువాంగ్‌లోని అమరవీరుల శ్మశానానికి, బెథూన్ ఉన్నచోటికే మార్చారు. కె.ఎ. అబ్బాస్ పుస్తకం రాశారు, 1946లో శాంతారాం సినిమా తీసి తనే కోట్నిస్‌గా నటించారు. 1962 యుద్ధం రెండు దేశాల మధ్య ఎన్నింటినో తెంచింది కానీ ఈ పేరును తెంచలేకపోయింది. 2006లో చైనా అధ్యక్షుడు హు జింటావో ముంబయి వచ్చినప్పుడు కూడా కోట్నిస్ కుటుంబాన్ని కలిశారు.

ఇన్‌హువా తండ్రి బాటలోనే వైద్యవిద్యలో చేరాడు. చదువు చేతికందకుండానే, 1967లో, పాతికేళ్లలోపే పోయాడు. భర్తనూ కొడుకునూ పోగొట్టుకున్న చింగ్లాన్, షోలాపూర్ బంధుత్వాన్ని మాత్రం వదులుకోలేదు. పలుమార్లు భారతదేశం వచ్చి అత్తింటివాళ్లను చూసుకుని వెళ్లారు. కోట్నిస్‌తో గడిపిన రోజుల గురించి తనే ఒక పుస్తకం రాశారు. 2012లో, 96 ఏళ్ల వయసులో, దాలియన్‌లో కన్నుమూశారు.