సంఘం కొన్న సీడీ బర్నర్, మిగిలిపోయిన పది నిమిషాలు

పోయిన ఆదివారం సంఘం గదిలో బీరువా సర్దుతుంటే, పాత కంప్యూటరులోంచి ఊడదీసిన సీడీ బర్నర్ ఒకటి బయటపడింది. పాత ఇనుముకి వేసేద్దామా అని చిన్నవాళ్ళు అడిగారు. దాని కథ వాళ్ళకి తెలియదు కాబట్టి రాస్తున్నాము. మా చదువు తమిళ మీడియం, తెలుగు రాత ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నది. తప్పులుంటే మన్నించండి.

2001లో సంఘం దగ్గర నలభైకి పైగా టేపు క్యాసెట్లు ఉండేవి. మన అవ్వల పెళ్ళిపాటలు, గొబ్బిపాటలు, లాలిపాటలు. తమిళనాడులో మన ఇళ్ళల్లో తెలుగు నోట్లోనే బతికింది, పుస్తకంలో కాదు. అందుకే పాడేవాళ్ళు ఉండగానే ఇంటింటికీ టేప్ రికార్డర్ మోసుకుపోయి పట్టాము. ఒక అవ్వ అయితే, "ఏం నాయనా, నేను దగ్గితే అదీ దీంట్లోకి పోతాదా?" అని అడిగి మరీ పాడింది. తర్వాత చెమ్మకి కొన్ని టేపులు బూజు పట్టాయి. ఇక సీడీలకి ఎక్కించాలని సంఘం తీర్మానించింది. ఒక సభ్యుడింట్లో కంప్యూటరు ఉంది, సీడీ రాసే బర్నర్ లేదు. దాన్ని చూసి కొనే పని ముగ్గురికి అప్పజెప్పారు: ఒక రైల్వే గుమాస్తా, ఒక బడి పంతులు, ఒక రేడియో మెకానిక్. ఆ ముగ్గురమే ఈ 'మేము'.

పాటల సీడీలు 1982లోనే అంగళ్ళకి వచ్చాయి గాని అవి ఫ్యాక్టరీలో అచ్చుకొట్టినవి. మనమే రాసుకునే సీడీ-ఆర్‌ని జపాను కంపెనీ తైయో యూడెన్ 1988లో తెచ్చింది. 1990 ప్రాంతంలో రాసే యంత్రం బట్టలుతికే మిషనంత ఉండేదట, ధర వేల డాలర్లు. 1995లో హెచ్‌పీ వెయ్యి డాలర్లలోపు ఒకటి తెచ్చింది. ఇంకో ఆరేళ్ళకి చెన్నై రిచ్చీ వీధిలో మనలాంటివాళ్ళు కూడా బేరమాడే వస్తువైంది.

రెండు శనివారాలు ఆ వీధిలో తిరిగాము. బయట పెట్టుకునే బర్నర్ అయితే ఏ ఇంటికైనా తీసుకుపోవచ్చని పంతులుగారి ఆశ. కానీ అప్పటి యూఎస్‌బీ దారి ఇరుకు, నాలుగు రెట్ల వేగం దాటి రాయడం కష్టం. కంప్యూటరు పెట్టెలోనే బిగించేది మేలని తేల్చాము.

అసలు తగువు రెండు బర్నర్ల మధ్య వచ్చింది. ఒకటి 16 రెట్ల వేగం, చవక. ఇంకొకటి 12 రెట్లే, పైగా వెయ్యి రూపాయలు ఎక్కువ, కానీ దాంట్లో బర్న్-ప్రూఫ్ అనే ఏర్పాటు ఉంది. ఒక రెట్టు అంటే సెకనుకి 150 కేబీ. 16 రెట్లు అంటే సెకనుకి 2,400 కేబీ కంప్యూటరు నుంచి ఆగకుండా రావాలి. బర్నర్‌లో బఫర్ అని నీళ్ళతొట్టి లాంటిది ఉంటుంది. అది 2 ఎంబీ అయితే ఒక్క సెకనుకి కూడా చాలదు. ఆ సెకనులో కంప్యూటరు ఇంకో పని పెట్టుకుందా, తొట్టి ఎండిపోతుంది, లేజరు మధ్యలో ఆగిపోతుంది, డిస్కు చెడిపోతుంది. ఆ రోజుల్లో మొక్కల మధ్య పిట్టల్ని బెదిరించడానికి వేలాడిన డిస్కుల్లో చాలా వాటి పుట్టుక ఇదే. సాన్యో కంపెనీ 2000లో తెచ్చిన బర్న్-ప్రూఫ్, తొట్టి ఎండబోతే రాత ఆపి, నిండాక ఆపిన చోటినుంచే మళ్ళీ మొదలుపెడుతుంది. 80 నిమిషాల డిస్కు 16 రెట్లలో అయిదు నిమిషాలు, 12 రెట్లలో ఏడు నిమిషాల లోపు. రెండు నిమిషాల కోసం డిస్కులు పాడుచేసుకోవడం ఎందుకని మెకానిక్ పట్టుబట్టాడు. ఖరీదైనదే కొన్నాము. హార్డ్ డిస్కు ఉన్న కేబులుకి కాకుండా వేరే కేబులుకి తగిలించాము. ఆ ఎంపికలో మాకు ఇప్పటికీ చింత లేదు, ఒక్క డిస్కు కూడా పాడవలేదు.

తప్పు వేరేచోట జరిగింది. పాటల సీడీలో పట్టేది 80 నిమిషాలు. మన క్యాసెట్లలో చాలావరకు 60వి, సరిపోయాయి. కొన్ని 90వి. మిగిలే పది నిమిషాలకి రెండో డిస్కు వేయాలి. డిస్కు పాతిక రూపాయలు. చివరి పది నిమిషాల్లో ఉన్నది మాటలే గదా, పాట కాదు గదా అని కత్తిరించేశాము. బర్నర్‌కి వెయ్యి ఎక్కువ పెట్టినవాళ్ళం పాతిక దగ్గర చేయి ముడిచాము. తర్వాత, సీడీ వచ్చాక ఇవెందుకని క్యాసెట్లు ఇళ్ళకి తిరిగిచ్చేశాము. సీడీ నూరేళ్ళు ఉంటుందని చెప్పిందీ మేమే.

దగ్గుతూ పాడిన అవ్వది 90 నిమిషాల టేపు. పాటలయ్యాక ఆమె తన అవ్వ చెప్పిన మాట మొదలుపెట్టింది: ఏ ఊరినుంచి బండ్లు కట్టారు, ఏ ఏటి దగ్గర ఆగారు, మొదట ఎక్కడ దిగారు అని. మేము ఎదురుగా కూర్చుని విన్నాము. ఇప్పుడు ఒక్క ఊరి పేరూ ఖాయంగా చెప్పలేకపోతున్నాము. ముగ్గురం మూడు పేర్లు చెబుతున్నాము. సీడీలో ఆమె "అప్పుడు మావాళ్ళు" అనగానే ఆగిపోతుంది.

ఈ వారం సంఘం కాపీలన్నీ వేసి చూశాము. కాగితం లేబుల్ అంటించినవి కొన్ని చదవడంలేదు. సీడీలో మెరిసే పొర పైవైపు, లేబుల్ కిందనే ఉంటుంది. లేబుల్ లేస్తే దాన్నీ లేపుకుపోతుంది. బాల్ పెన్నుతో గట్టిగా రాసినా అంతే. మీ ఇంట్లో ఉన్న కాపీలకి లేబుల్ ఊడదీసే ప్రయత్నం చేయకండి, ఎండలో పెట్టకండి, అలాగే తీసుకురండి. ఒక డ్రైవు చదవని డిస్కుని ఇంకొకటి చదవవచ్చు. మన పాత బర్నర్‌ని పాత కంప్యూటరుకే మళ్ళీ బిగించాము. కొత్త డ్రైవు వదిలేసిన రెండు డిస్కులు అది చదివింది.

ఇంకో సంగతి. అవ్వ కుటుంబం ఇల్లు మారినప్పుడు క్యాసెట్ ఎవరికో ఇచ్చారట. 90 నిమిషాలది, పైన పచ్చ ఇంకుతో తమిళంలో 'గొబ్బి 2' అని పంతులుగారి చేతిరాత ఉంటుంది. మీ అటక మీద, పాత ట్రంకు పెట్టెలో చూడండి. దాని మీద సినిమా పాటలు ఎక్కించి ఉన్నా సరే తీసుకురండి. రెండోవైపు చివర వరకు ఎక్కించి ఉండకపోవచ్చు.