పిల్లలకి ధర కట్టిన జిల్లాలు మనవి

పోస్టు కాస్త పెద్దది, తీరిక చూసుకుని చదవండి.

మొన్న మన గ్రూపులో ఒక చెల్లి అడిగింది: పిల్లల మీద ఈ అఘాయిత్యాలన్నీ ఫోన్లు వచ్చాకే మొదలయ్యాయా, మన పెద్దోళ్ల కాలంలో ఉండేవి కావా అని. చాలామంది "అప్పట్లో లేవు" అనే రాశారు. నేను చరిత్ర స్టూడెంట్‌ని కాబట్టి ఆ మాట దగ్గరే ఆగిపోయాను. లేకపోవడం వేరు, లెక్క రాయకపోవడం వేరు.

లెక్క రాసిన ఒక సందర్భం మన విజయనగరంలోనే ఉంది. కన్యాశుల్కం నాటకం అందరికీ తెలుసు, 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. ఆ మొదటి ముద్రణకి గురజాడ అప్పారావు గారు ఇంగ్లీషులో ముందుమాట రాశారు. మనం గిరీశం డైలాగులు చెప్పుకుంటాం గానీ ఆ ముందుమాట ఎవరూ చదవరు. అందులో ఏటుందంటే, అంతకు సుమారు పదేళ్ల ముందు విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో డబ్బు తీసుకుని చేసిన బ్రాహ్మణ పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. అప్పటికి విజయనగరం, పార్వతీపురం, సాలూరు అన్నీ ఆ జిల్లాలోవే. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు తేలాయి. ఆడపిల్లల్లో ఐదేళ్ల వాళ్లు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరం కుదిరేదట.

ఇది కూడా పూర్తి లెక్క కాదు. కూతుర్ని అమ్మిన తండ్రి నేను డబ్బు తీసుకున్నానని చెప్పుకోడు కదా. అయినా ఆ కాగితం లేకపోతే, సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టాలని చూసిన అగ్నిహోత్రావధాన్లు ఏదో కల్పన అనుకుని నవ్వుకుని వదిలేసేవాళ్లం. ఇందులో చట్టానికి కనిపించిన నేరం కూడా ఏమీ లేదు. 1891 వరకు భర్త తాకకూడని వయసు అంటే పదేళ్ల లోపు మాత్రమే. ఆ ఏడాది దాన్ని పన్నెండు చేస్తేనే మతం పోయిందని దేశమంతా గొడవ చేశారు. పెళ్లికి ఆడపిల్లకి పద్నాలుగేళ్లు ఉండాలని చట్టం వచ్చింది 1929లో.

ఇప్పుడు మన కొండల సంగతి. అగ్రహారంలో ఆడపిల్లకి ధర ఉంటే, మన దగ్గర మగపిల్లాడి మీద అప్పు ఉండేది. కంబారి అనండి, పాలేరు అనండి, ఒడిశా సరిహద్దు వైపు గొత్తి అనండి, పని ఒక్కటే. విత్తనాలకో, చావు ఖర్చుకో, వానాకాలం తిండి గింజలకో తండ్రి సావుకారి దగ్గర అప్పు తెస్తాడు. తీర్చలేక గుంటడిని అక్కడ వదిలేస్తాడు. గుంటడు పశువులు కాస్తాడు, పేడ తీస్తాడు, అంబలి తాగి పశువుల సాలలో పడుకుంటాడు. లెక్క సావుకారి చేతిలోనే. జ్వరం వచ్చి పడుకున్న రోజులు అప్పులో కలుస్తాయి, కట్టిన గుడ్డ కలుస్తుంది. వాడికి పెళ్లీడు వచ్చాక ఆ పెళ్లికి ఇంకో అప్పు. మా తాత చెప్తే నాకు తెలిసింది ఇదంతా. దీని మీద ఏ మహారాజూ జాబితా వేయించలేదు.

చట్టాలైతే వచ్చాయి. 1933లో పిల్లల శ్రమని తాకట్టు పెట్టడం చెల్లదని ఒక చట్టం వచ్చింది. పదిహేనేళ్ల లోపు పిల్లాడిని తాకట్టు పెట్టిన తండ్రికి 50 రూపాయల దాకా, పెట్టుకున్న వాడికి 200 దాకా జరిమానా. అగ్రహారంలో ఏడాది పిల్ల ధరలో ఇది సగం! 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో అప్పు వెట్టిని రద్దు చేస్తూ రెగ్యులేషన్ తెచ్చింది. మళ్లీ 1976లో దేశం మొత్తానికి వెట్టిచాకిరీ రద్దు చట్టం. దాని నిర్వచనంలో వారసత్వంగా వచ్చిన బాధ్యత వల్ల చేసే చాకిరీ అని కూడా ఉంటుంది. తాత అప్పుకి మనవడు పని చేయడం అంత మామూలు విషయం అన్నమాట, చట్టంలో రాయాల్సి వచ్చింది.

ఒకే పనిని ఇన్నిసార్లు ఎందుకు రద్దు చేయాల్సి వచ్చింది? కాగితం మీద రద్దయింది గానీ కొండ మీద ఎవరూ అడగలేదు కాబట్టి. అడిగింది గిరిజన సంఘం. పంతుళ్లు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం నడిపిన ఆ సంఘం అడిగిన వాటిల్లో పాలేర్ల జీతం, అప్పుల రద్దు ఉన్నాయి. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకి వెళ్తున్న వాళ్ల మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగి కోరన్న, మంగన్న చనిపోయారు. తర్వాతి కథ మీకు తెలుసు. ఆ పోరాటం గురించి మాట్లాడినప్పుడు మనం భూమి గురించే చెప్తాం, పశువుల సాలలో పడుకున్న పిల్లల్ని మర్చిపోతాం. మైదానంలోనూ ఇదే బాధ. శ్రీకాకుళం రచయిత కాళీపట్నం రామారావు గారి "యజ్ఞం" కథ చదవండి. అందులో సీతారాముడు తండ్రి అప్పు తన కొడుకు మెడకి చుట్టుకోకూడదని ఆ పసివాడినే చంపేస్తాడు. మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

మనల్ని మనం పొగుడుకోవడానికి ఇదంతా రాయలేదు. మనలో ఓలి ఉంది. ఓలి, కన్యాశుల్కం ఒకటి కావు, మన దగ్గర పిల్ల ఎదిగాకే పెళ్లి అని పెద్దలు చెప్తారు, అది నిజమే. కానీ ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్ల చదువు మానేసి వెళ్లిపోతే, రెండు వైపులా పెద్దలు కూర్చుని ఓలి తేల్చి "మన ఆచారం" అంటున్నారు. 2006 బాల్య వివాహ చట్టానికి మన ఆచారం మినహాయింపు కాదు. 2017లో సుప్రీంకోర్టు, పద్దెనిమిదేళ్లు నిండని భార్య విషయంలో కూడా అది అత్యాచారమే అని చెప్పింది.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. 2012 పోక్సో చట్టం ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసి పోలీసులకి చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థ నడిపే పెద్ద తన కింద వాళ్లు చేసింది దాచిపెడితే ఏడాది దాకా. పద్దెనిమిది లోపు వాళ్లు చెప్పలేకపోయినా వాళ్లకి శిక్ష లేదు, కాబట్టి "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు" అని ఎవరైనా మిమ్మల్ని బెదిరిస్తే భయపడొద్దు. బాధితుల పేరు, ఫోటో, ఊరు బయట పెట్టకూడదు, ఈ గ్రూపులో కూడా. నంబరు 1098.

ఇంకో పని కూడా చేద్దాం. సెలవులకి ఊరు వెళ్లినప్పుడు చిన్నప్పుడు కంబారి చేసిన పెద్దల్ని అడగండి. పేరు వద్దు, సావుకారి పేరూ వద్దు. ఏ వయసులో వెళ్లారు, ఎంత అప్పుకి, ఎన్నేళ్లు ఉన్నారు అని మూడు ముక్కలు కింద రాయండి. మొదటిది నేనే రాస్తున్నాను, మా తాతది: వయసు తొమ్మిది, బస్తా చోళ్లకి, పదకొండేళ్లు.