పుట్టగానే ఏడవని బిడ్డ: డిశ్చార్జి తర్వాత ఎక్కడ చూపించాలి?

కాన్పు సమయంలో మెదడుకు ఆక్సిజన్ అందని పిల్లలందరూ ఒకేలా ఎదగరు. దెబ్బ స్వల్పమైతే చాలామంది మామూలుగానే పెరుగుతారు. తీవ్రమైతే ఫిట్స్, సెరిబ్రల్ పాల్సీ, చూపు, వినికిడి సమస్యలు రావచ్చు. ‘కొందరు పిల్లలు ఆలస్యంగానే నడుస్తారులే’ అని ఇంట్లో పెద్దలు అంటారు. ఈ బిడ్డ విషయంలో ఆ మాట నమ్మి కూర్చోకండి. 4 నెలలు నిండినా మెడ నిలపకపోతే, పిడికిళ్లు ఎప్పుడూ బిగించే ఉంటే, ఏడాదిలోపే ఒక చేయి మాత్రమే వాడుతుంటే వెంటనే చూపించండి.

సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ (1984లో ఏర్పాటైంది) పసిపిల్లలకు ఎర్లీ ఇంటర్వెన్షన్ సేవలు అందిస్తోంది. థెరపీతో పాటు ఇంట్లో ఏం చేయించాలో తల్లిదండ్రులకూ నేర్పుతారు. జబ్బు పేరు ఖరారయ్యే దాకా ఆగనక్కర్లేదు. వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, స్కానింగ్ రిపోర్టులు మరవకండి.