గల్ఫ్‌లో కష్టమొస్తే ఎంబసీని ఎలా చేరాలి? మర్రిపాడు కుటుంబాలకు వివరాలు

మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నుంచి కువైట్, సౌదీ, దుబాయ్‌లకు ఇంటి పనికో, డ్రైవర్ పనికో వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. జీతం ఆగినా, కఫీల్ పాస్‌పోర్టు లాక్కున్నా ఇంట్లోవాళ్లు ముందు ఫోన్ చేసేది ఏజెంటుకే. అతను ఫోన్ ఎత్తడం మానేశాకే ఎంబసీ గుర్తొస్తుంది. అప్పటికి అకామా గడువు దాటిపోయి, ‘పారిపోయాడు’ అని కఫీల్ కేసు కూడా పెట్టి ఉండొచ్చు. అందుకే మొదటి రోజే ఎంబసీకి చెప్పడం మేలు.

ఏ ఆఫీసుకు వెళ్లాలి?

కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లలో రాజధానిలోని భారత ఎంబసీయే అన్నీ చూస్తుంది. సౌదీలో మక్కా, మదీనా, జెద్దా వైపు ఉన్నవాళ్లకు జెద్దా కాన్సులేట్, రియాద్, దమ్మామ్ వైపు ఉన్నవాళ్లకు రియాద్ ఎంబసీ. ఉమ్రాకు వెళ్లి పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాళ్లు వెళ్లాల్సింది కూడా జెద్దాకే. దుబాయ్, షార్జా, అజ్మాన్‌లలో ఉంటే దుబాయ్ కాన్సులేట్, అబుధాబిలో ఉంటే అక్కడి ఎంబసీ. యూఏఈలో ఉచిత నంబరు 80046342. మిగతా దేశాల నంబర్లు ఆయా ఎంబసీ వెబ్‌సైట్లో దొరుకుతాయి. అసలైన సైటు పేరు చివర ‘డాట్ జీఓవీ డాట్ ఇన్’ అని ఉంటుంది.

ఊళ్లో నుంచే ఫిర్యాదు

విదేశాంగ శాఖ 2015లో ‘మదద్’ పోర్టల్ మొదలుపెట్టింది. జీతం బకాయి, జైలు, ఆచూకీ తెలియకపోవడం, మృతదేహం తేవడం వంటి వాటిపై కుటుంబసభ్యులే ఇందులో ఫిర్యాదు పెట్టొచ్చు. వచ్చిన నంబరు దాచుకుంటే కేసు ఎంతవరకు వచ్చిందో చూసుకోవచ్చు. ఫోన్లో మాట్లాడాలంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800113090. రాష్ట్రంలో ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ కూడా సాయం చేస్తుంది.

వెళ్లేముందే పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు జిరాక్సులు ఇంట్లో ఉంచాలి. అక్కడికి చేరాక అకామా లేదా సివిల్ ఐడీ ఫొటో, కఫీల్ పేరు, ఫోన్, ఇంటి అడ్రసు వాట్సాప్‌లో తెప్పించుకోవాలి. కఫీల్ అడ్రసు లేకపోతే ఎంబసీకి మనిషిని వెతకడమే కష్టమవుతుంది.

ఎంబసీ చేసేది, చేయలేనిది

పాస్‌పోర్టు లేనివాళ్లకు తిరిగి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. చేతిలో డబ్బులేని నిరుపేదలకు 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి టికెట్టు, తాత్కాలిక వసతి ఇవ్వొచ్చు. అరెస్టయితే తమ దేశ కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందం ఇచ్చింది. అయితే కోర్టు కేసును ఎంబసీ కొట్టేయించలేదు, అప్పులు తీర్చదు. కేసు ఉంటే అది తేలేదాకా అక్కడి ప్రభుత్వం దేశం దాటనివ్వదు.

ఎవరైనా చనిపోతే

2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడినప్పుడు ఎంబసీ అదే రోజు హెల్ప్‌లైన్ పెట్టింది. రెండు రోజులకు 45 మంది భారతీయుల మృతదేహాలు వాయుసేన విమానంలో కొచ్చి చేరాయి. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. మామూలు మరణాల్లో మాత్రం కాగితాలకే రోజులు పడతాయి. మయ్యత్‌ను ఊరికి తేవాలా, అక్కడే జనాజా, దఫన్ జరిపించాలా అన్నది వారసుల ఇష్టం. ఏదైనా వారసుల అంగీకార పత్రం కావాలి. దాన్ని ఎంత త్వరగా పంపితే ఎదురుచూపు అంత తగ్గుతుంది.