గీత వృత్తి: గుత్తేదారు నుంచి సొంత లైసెన్సు దాకా

నిజాం పాలనలో తెలంగాణ కల్లు వ్యాపారం ఆబ్కారీ గుత్తేదారులది. వేలంలో హక్కు దక్కించుకున్నవాడు దుకాణాలు నడిపితే, గీత కార్మికుడు అతని కింద తాళ్లెక్కేవాడు. మోకు, ముస్తాదు, కత్తి కార్మికుడివే, జారితే పోయే ప్రాణమూ అతనిదే. లాభం మాత్రం గుత్తేదారుది. అన్యాయమైన లెక్క ఇది. దీనిపై కార్మికులను కూడగట్టినవారిలో కమ్యూనిస్టు నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం ముఖ్యుడు. తర్వాతి కాలంలో గీత కార్మికుల సహకార సంఘాలు చెట్లను నేరుగా తీసుకున్నాయి. సంఘంలో చేరనివారికి విడిగా లైసెన్సు ఇచ్చే టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) పద్ధతీ వచ్చింది. దాంతో బేరం గీత కార్మికుడి చేతికొచ్చింది, సెలవు మాత్రం రాలేదు: రోజూ ఎక్కి గెల చివర పలుచగా చెక్కకపోతే కల్లు ఆగిపోతుంది. వానాకాలం మాను తడిసి జారుతున్నా ఎక్కాల్సిందే.